ఊరి బయటి చరిత్ర – 9: ఉక్కు కత్తి వెనుక తోలు తిత్తి



పోయిన నెల గుడివాడలో, నా డిగ్రీ రెండో సంవత్సరం క్లాసులో ఒక అబ్బాయి ఫోన్‌కి వచ్చిన ఫార్వర్డ్ ఒకటి చదివి వినిపించాడు. నాలుగు వందల ఏళ్ల కిందటే మన పూర్వీకులు నానో టెక్నాలజీతో ఉక్కు చేశారట. ప్రపంచమంతా పేరుమోసిన డమాస్కస్ కత్తి మన తెలుగు నేల ఉక్కేనట. తెల్లవాళ్లు మన దగ్గరే నేర్చుకున్నారట. క్లాసంతా చప్పట్లు కొట్టింది. గంట కొట్టాక చివరి బెంచీలో కూర్చునే అమ్మాయి ఒకతె నా వెనకే వరండాలోకి వచ్చింది. దివిసీమ నుంచి వచ్చి హాస్టల్లో ఉండి చదువుకుంటోంది.

"మేడమ్, ఆ పూర్వీకుల్లో మనోళ్లు కూడా ఉన్నారా?"

ఎగతాళిగా అడగలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. నా దగ్గర ఆ రోజు జవాబు లేదు. "చూసి చెప్తానమ్మా" అన్నాను. నేను తెలుగు సాహిత్యం చదువుకున్నదాన్ని, లోహాల సంగతి నాకేం తెలుసు? నెల రోజులు చదివాను, తెలిసినవాళ్లని అడిగాను. ఈ భాగం ఆ అమ్మాయికి నా జవాబు.

ముందు ఆ ఫార్వర్డ్‌లో నిజమెంతో చూద్దాం. నిజం చాలానే ఉంది.

గోల్కొండ సుల్తానుల కాలంలో బందరు ఆ రాజ్యానికి పెద్ద రేవు. 1605లో డచ్చివాళ్లు, 1611లో ఇంగ్లిషువాళ్లు ఇక్కడ దిగారు. డచ్చివాళ్ల సమాధులు బందరులో ఇప్పటికీ ఉన్నాయి. బందరు అనగానే మనకి కలంకారీ గుర్తొస్తుంది. కానీ ఓడలకెక్కిన సరుకు బట్ట ఒక్కటే కాదు, ఉక్కు కూడా ఉంది. ఉత్తర తెలంగాణలో, ఇప్పటి నిజామాబాద్ జిల్లా కోనసముద్రం, ఇందల్వాయి ప్రాంతాల్లో కొలుములు ఉండేవి. అక్కడ మూసల్లో కరిగించి, గుప్పెట్లో పట్టేంత ముద్దలుగా ఉక్కు తీసేవాళ్లు. డచ్చి కంపెనీ ఈ తూర్పు తీరం నుంచి పర్షియాకు వేల సంఖ్యలో ఉక్కు ముద్దలు పంపింది. డమాస్కస్ రకం కత్తికి పనికొచ్చే ఉక్కు గోల్కొండ రాజ్యం నుంచి వస్తుందని ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే ఆ శతాబ్దంలోనే రాశాడు. ఇంగ్లిషువాళ్లు దీన్ని 'వుట్జ్' అన్నారు. అది మన 'ఉక్కు' మాటే, వాళ్ల నోట్లో పడి అలా అయింది.

ఈ ఉక్కులో అంత గొప్పతనం ఏముంది? ఇక్కడ కాస్త సైన్స్ కావాలి. భయపడకండి, కక్కు కొడవలితో మొదలుపెడతాను.

కోతల ముందు మన పల్లెల్లో ఆడవాళ్లు కొడవళ్లు పట్టుకుని కమ్మరి దగ్గరికి కక్కులు వేయించుకోవడానికి వెళ్లడం నా చిన్నప్పుడు చూశాను. కమ్మరి కొడవలి అంచుని ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచుతాడు. చుయ్యిమంటుంది. అదే ఇనుము, అదే బరువు, కానీ అంచు గట్టిపడింది. లోపల ఏం మారింది? ఇనుము కంటికి ఒకే ముద్దలా కనబడుతుంది గానీ, సానబట్టి నునుపు చేసి, ఆమ్లంతో కడిగి మైక్రోస్కోప్ కింద పెడితే చిన్న చిన్న గింజలు గింజలుగా ఉంటుంది. అందులో కలిసిన కార్బన్ ఎంత, అది ఆ గింజల మధ్య ఎలా సర్దుకుంది అన్నదాన్ని బట్టి ఆ లోహం వంగుతుందా, విరుగుతుందా, పదును నిలుపుతుందా అన్నది తేలుతుంది. ఈ లోపలి అమరికనే సూక్ష్మనిర్మాణం అంటారు. నీళ్లలో ముంచి ఒక్కసారిగా చల్లార్చితే కార్బన్‌కి విడిగా సర్దుకునే టైము దొరకదు. గింజల్లోనే ఇరుక్కుపోతుంది. అందుకే ఆ గట్టిదనం. మరీ గట్టిపడితే పెళుసుబారి విరుగుతుంది, అందుకని మళ్లీ కాస్త వెచ్చబెట్టి ఆ పెళుసుదనం తగ్గిస్తారు.

మన ఉక్కు ముద్దలో కార్బన్ దాదాపు ఒకటిన్నర శాతం. మామూలు ఉక్కు కంటే చాలా ఎక్కువ. ఇంత కార్బన్ ఉంటే పెళుసుగా ఉండాలి. కానీ మూసని నెమ్మదిగా చల్లార్చి, ఆ ముద్దని తక్కువ వేడి మీద ఓపిగ్గా సాగగొడితే, కార్బన్ ఇనుముతో కలిసి గట్టి రేణువులుగా మారి వరసలు వరసలుగా పేరుకుంటుంది. మెత్తని ఇనుములో గట్టి రేణువుల చారలన్నమాట. కత్తి మీద నీటి అలల్లా కనబడే డిజైను ఆ చారలే. యూరప్ కమ్మర్లు ఈ ముద్దని తమ అలవాటు ప్రకారం తెల్లగా కాలేదాకా కాల్చి సుత్తి వేస్తే అది పొడిపొడిగా రాలిపోయింది. వేడి ఎక్కడ ఆపాలో వాళ్లకి తెలియలేదు. మనవాళ్లకి తెలుసు.

ఆ తర్వాత కథంతా లండన్‌లో, షెఫీల్డ్‌లో, అమెరికాలో. 1795లో జార్జ్ పియర్సన్ ఈ ఉక్కు మీద రాయల్ సొసైటీకి వ్యాసం రాశాడు. 1819లో మైకేల్ ఫారడే దీన్ని పరీక్షించి, దీనిలాంటిది చేయాలని రకరకాల లోహాలు కలిపి చూశాడు. 1860లలో షెఫీల్డ్‌లో హెన్రీ సోర్బీ ఉక్కుని కోసి, మెరుగుపెట్టి, మైక్రోస్కోప్ కింద చూసే పద్ధతి కనిపెట్టాడు. 1998లో అమెరికన్ ప్రొఫెసర్ వెర్హోవెన్, కమ్మరి పెండ్రే, మరొకరు కలిసి అసలు కిటుకు చెప్పారు: ఆ చారలు ఏర్పడటానికి కారణం ఖనిజంలో లక్ష పాళ్లకి కొన్ని పాళ్లు మాత్రమే ఉండే వెనేడియం లాంటి మలినాలు. 2006లో జర్మనీలోని డ్రెస్డెన్ శాస్త్రవేత్తలు 17వ శతాబ్దపు కత్తి ముక్కలో కార్బన్ నానోట్యూబులు కనిపించాయని రాశారు. మన క్లాసులో చప్పట్లు కొట్టించిన ఫార్వర్డ్‌కి మూలం ఇదే.

ఇక్కడిదాకా అందరూ చెప్తారు. ఇక ఆ అమ్మాయి ప్రశ్నకి వద్దాం.

ఆ మూస కరగాలంటే 1400 డిగ్రీల దరిదాపు వేడి కావాలి. బొగ్గు దానంతటదే అంత వేడి ఇవ్వదు. గంటల తరబడి ఆగకుండా గాలి కొట్టాలి. గాలి కొట్టేది ఏమిటి? తిత్తి. తిత్తి దేంతో చేస్తారు? తోలుతో.

ఈ ఒక్క మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ఎంత చదివినా ఖనిజం గురించి ఉంది, బొగ్గు గురించి ఉంది, మూసలో వేసే ఆకుల గురించి కూడా ఉంది. 1820లలో కోనసముద్రం వెళ్లి చూసి రాసిన హెన్రీ వాయ్సీ, అక్కడికి ఉక్కు కొనడానికి వచ్చిన పర్షియన్ వర్తకుడి గురించి కూడా రాశాడు. నేను చదివిన వాటిలో కమ్మరి ఉన్నాడు, వర్తకుడు ఉన్నాడు, రాజు ఉన్నాడు. తిత్తికి తోలు ఊనినవాడు లేడు. ఊరి కట్టుబాటు ప్రకారం పశువు చస్తే తోలు తీసేది, ఊనేది మాదిగ. తిత్తి చినిగితే కొలిమి ఆరిపోతుంది. కొలిమి ఆరితే కత్తి లేదు, ఓడ లేదు, గోల్కొండ లేదు.

"అదెంత, తోలే కదా" అంటారేమో. పచ్చితోలుతో తిత్తి కుట్టి చూడండి. తడిగా ఉంటే నాలుగు రోజుల్లో కుళ్లుతుంది. ఎండితే చెక్కలా బిర్రబిగుస్తుంది. మడిస్తే పగులుతుంది. నిప్పు పక్కన ఉండి, రోజుకి వేలసార్లు ముడుచుకుని తెరుచుకుని, గాలి కారకుండా, పగలకుండా ఏళ్ల తరబడి నిలిచే వస్తువు తయారు చేయడం చిన్న విద్య కాదు. అది కూడా సూక్ష్మనిర్మాణం సంగతే.

మా తాత లంద కోడూరు దగ్గర మా పల్లె చివర, కాలవ గట్టున ఉండేది. నేను చూడలేదు. నాయనమ్మ చెప్పగా విన్నాను. ఆమె చెప్పిన వరసలోనే చెప్తాను, పక్కన పుస్తకం చెప్పింది పెడతాను.

మొదట తోలుని సున్నపు నీళ్లలో వేసేవాళ్లు. వెంట్రుక ఊడటానికి, అని నాయనమ్మ చెప్పింది. పుస్తకం ఇంకో సంగతి చెప్తుంది. తోలంటే కొల్లాజెన్ అనే ప్రొటీన్ పోగుల నేత. మూడు గొలుసులు ఒకదానికొకటి పురి పెట్టుకుంటే ఒక అణువు, అణువులన్నీ కలిస్తే సన్నని తంతువు, తంతువులన్నీ కలిస్తే పోగు, పోగులు అటూ ఇటూ పైకీ కిందికీ అల్లుకుంటే తోలు. సున్నం ఆ అల్లికని ఉబ్బించి, మధ్యలో ఉన్న అక్కరలేని పదార్థాన్ని వదిలించి, పోగుల మధ్య దారి తెరుస్తుంది.

తర్వాత రంపెతో మాంసం గీకి, కడిగి, తోలుని సంచిలా కుట్టి, అందులో తుమ్మచెక్క దంచిన నీళ్లు నింపి వేలాడదీసేవాళ్లు. చెక్క దంచేది నాయనమ్మే. ఆ నీళ్లు తోలులోంచి ఊరి కిందికి చుక్కలు చుక్కలుగా కారేవి, మళ్లీ పోసేవాళ్లు. తుమ్మచెక్కలో ఉన్న టానిన్ కొల్లాజెన్ పోగుల మధ్యకి చేరి, నీళ్లు పట్టుకున్న చోటు తాను పట్టుకుని, పోగుకీ పోగుకీ ముడివేస్తుంది. అందుకే ఊనిన తోలు కుళ్లదు. పచ్చితోలు 60, 65 డిగ్రీల వేడినీళ్లలోనే ముడుచుకుపోతుంది, ఊనిన తోలు 80 దాకా కూడా తట్టుకుంటుంది. తుమ్మచెక్కతో ఊనితే తోలు గట్టిగా, నల్లగా వస్తుంది, చెప్పు అడుక్కి అదే మంచిది. తంగేడు చెక్కతో ఊనితే మెత్తగా, లేతరంగులో వస్తుంది. తంగేడు మెట్ట నుంచి రావాలి, మన డెల్టాలో తుమ్మే దిక్కు. చివరికి ఆముదం పట్టించేవాళ్లు, పోగుకి పోగు అంటుకోకుండా జారడానికి.

అన్నిటికంటే నన్ను కదిలించింది ఇది. తోలు ఊరిందా లేదా అని తాత ఎలా చూసేవాడు? ఒక మూల కోసి, ఆ కోతని వెలుతురుకి పెట్టి చూసేవాడట. నడిమధ్యలో తెల్లని గీత కనబడితే ఇంకా ఊరలేదని అర్థం. అంచు నుంచి అంచుకి ఒకే రంగు ఉంటే అయినట్టు. మిత్రులారా, షెఫీల్డ్‌లో సోర్బీ ఉక్కుకి చేసింది ఇదే. వస్తువుని కోసి, లోపల చూసి, గుణం చెప్పడం. సోర్బీకి మైక్రోస్కోప్ ఉంది, మా తాతకి కన్ను ఉంది. తేడా పరికరంలో ఉంది, పద్ధతిలో లేదు.

ఇంకొకటి. వెన్ను మీద తోలు బిగువు, అడుక్కి పనికొస్తుంది. పొట్ట తోలు వదులు, సాగుతుంది, దానితో వారు కోయకూడదు. వారు ఎప్పుడూ వెన్ను పొడవునే కోయాలి. ఇది నాయనమ్మకి కూడా తెలుసు. వెన్ను దగ్గర పోగుల అల్లిక దట్టం, పొట్ట దగ్గర పలచన అని పుస్తకం చెప్తుంది. డప్పుకి మాత్రం ఊనిన తోలు పనికిరాదు, మెత్తబడి మోగదు. పచ్చి మేకతోలే కావాలి. పచ్చితోలు గాలిలో తేమ పీల్చి వదులవుతుంది, సముద్రపు గాలి తగిలే దివిసీమలో మరీను. అందుకే డప్పు కొట్టే ముందు మంట దగ్గర కాచేది. తేమ పోయి పోగులు బిగుస్తాయి, మోత లేస్తుంది. ఏది ఊనాలో, ఏది ఊనకూడదో తెలియడమే అసలు విద్య. 1994లో ఈదుముడిలో దండోరా మొదలైనప్పుడు ఆత్మగౌరవానికి గుర్తుగా ఎత్తింది ఈ డప్పునే.

మరి కొల్లాజెన్ నిర్మాణాన్ని ప్రపంచానికి చెప్పింది ఎవరు? మనకి పక్కనే, మద్రాసులో. 1954లో మద్రాసు యూనివర్సిటీలో జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా కలిసి ఆ మూడు గొలుసుల పురిని ప్రతిపాదించారు. అడయారులో ఉన్న కేంద్ర తోళ్ల పరిశోధన సంస్థకి కొంతకాలం తర్వాత డైరెక్టరైనవాడు తెనాలి దగ్గర యలవర్రులో వ్యవసాయ కుటుంబంలో పుట్టిన యలవర్తి నాయుడమ్మ. 1985లో కనిష్క విమాన పేలుడులో పోయాడు. వీళ్లంటే నాకు గౌరవం. నాయుడమ్మ తోలు పట్టుకుంటే పద్మశ్రీ వచ్చింది, రావాల్సిందే. కృష్ణకి ఇవతల అదే తోలు పట్టుకున్న మా తాతకి హోటల్లో గ్లాసు వేరే పెట్టారు. తోలు ఒక్కటే, పట్టుకున్న చెయ్యి ఎవరిదన్నదే లెక్క.

లంద ఏమైంది? 1977 నవంబర్ 19. దివిసీమలో ఆ తేదీ చెప్తే చాలు, ఇంకేం చెప్పక్కర్లేదు. సముద్రం ఊళ్ల మీదికి వచ్చింది. పదివేల మంది దాకా పోయారని ప్రభుత్వమే ఒప్పుకుంది. నాయనమ్మ తాటిచెట్టుకి కొంగుతో తనని తాను కట్టుకుని తెల్లవార్లూ నిలబడిందట. తాటిమాను కోసి చూస్తే అంచున నల్లటి నారపోగులు దట్టంగా ఉంటాయి, నడుమ మెత్తని బెండు. గాలికి వంగేటప్పుడు బరువంతా పడేది అంచు మీదే, బలం కూడా అంచునే ఉంది. కొల్లేట్లో తాటిదోనె తొలిచేవాళ్లు ఆ బెండు తీసేసి అంచుని ఉంచుకునేది అందుకే. ఊరి నిర్మాణం కూడా అలాంటిదే అనిపిస్తుంది నాకు. బరువు మోసేవాళ్లంతా అంచునే ఉన్నారు.

చెట్టు నిలిచింది, నాయనమ్మ మిగిలింది. లంద పోయింది. మళ్లీ కట్టలేదు. అప్పటికే రబ్బరు చెప్పులు వచ్చాయి, కళ్లం దగ్గర ఇచ్చే మేర గింజలు తగ్గిపోయాయి. తాత కూలికెళ్లాడు.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్పాలి. ఎం.ఏ. హాస్టల్లో రూమ్మేట్లు "మీ తాతగారు ఏం చేసేవారు?" అని అడిగితే "వ్యవసాయం" అన్నాను. చాలా ఏళ్లు అదే చెప్పాను. పీహెచ్‌డీలో మాదిగ కథల భాష మీద పనిచేస్తూ ఎండ్లూరి సుధాకర్ 'మల్లెమొగ్గల గొడుగు', నాగప్పగారి సుందర్రాజు 'మాదిగోడు' చదివాకే నా నోరు తెరుచుకుంది. లంద, ఆరె, రంపె, వారు, తిత్తి అని తోలుపని మాటల పట్టిక ఒకటి తయారు చేసి థీసిస్ చివర పెడితే, సెమినార్‌లో ఒక పెద్దాయన "ఇది సాహిత్యం కాదు కదమ్మా" అన్నారు. తీసేశాను. ఇవాళైతే తీయను. ఆ మాటలు ఒక శాస్త్రానికి పరిభాష. మాట పోతే దానితోపాటు ఆ విద్య పోతుంది.

అలాగని లందని పూజించమనడం లేదు. లంద అంటే కంపు, చేతులకి పుళ్లు, ఊరికి వెట్టి. చచ్చిన గొడ్డుని లాగడం హక్కు కాదు, మెడకి కట్టిన బండ. ఏ పిల్లా పిల్లాడూ దానికి తిరిగి వెళ్లక్కర్లేదు. మా తాతకి కొల్లాజెన్ తెలుసని కూడా నేను అనను. ఎలా చేయాలో తెలుసు, ఎందుకలా అవుతుందో తెలియదు. కంచ ఐలయ్య మాదిగలని అట్టడుగు శాస్త్రవేత్తలన్నారు. నేను దానికి ఒక ప్రశ్న కలుపుతాను: 'ఎలా' నుంచి 'ఎందుకు' దాకా వెళ్లే దారిని ఎవరు మూసేశారు?

ఫారడే సంగతి చూడండి. ఆయన తండ్రి కమ్మరి. ఆయన కుర్రతనంలో పుస్తకాలకి అట్టలు కట్టే పనిలో ఉన్నాడు. ఇంగ్లండులో పేదా గొప్పా తేడా లేదని కాదు, ఉంది, ఆయనా అవమానాలు పడ్డాడు. అయినా 1813లో రాయల్ ఇన్‌స్టిట్యూషన్ తలుపు ఆ కమ్మరి కొడుక్కి తెరుచుకుంది. 1998 వ్యాసం మీద ప్రొఫెసర్ పేరు పక్కనే కమ్మరి పేరు ఉంది. ఇక్కడ? చేతికి తోలు తగిలినవాడికి అక్షరం ఇవ్వలేదు. అక్షరం ఉన్నవాడు తోలు ముట్టుకోలేదు. పని చేసే చెయ్యి, ప్రశ్న అడిగే పుస్తకం వందల ఏళ్లు ఒకే మనిషిలో కలవలేదు. కులం శ్రామికులనే ముక్కలు చేసిందని బాబాసాహెబ్ 1936లో 'కుల నిర్మూలన'లో చెప్పింది దీన్నే. అంత మంచి ఉక్కు చేసిన దేశంలో దాన్ని కోసి చూసే సోర్బీ పుట్టకపోవడానికి కుంపిణీ పాలన ఒక కారణం. కులం అంతకంటే పాత కారణం. ఫార్వర్డ్‌లు మొదటిది చెప్తాయి, రెండోది చెప్పవు.

కాబట్టి అమ్మా, నీ ప్రశ్నకి జవాబు: ఉన్నారు. ఆ కత్తికి ముందు కొలిమి, ఆ కొలిమికి ముందు తిత్తి, ఆ తిత్తిలో మన తాతల చేతులు ఉన్నాయి. ఈసారి ఎవరైనా "మన పూర్వీకులు" అంటే నువ్వూ చప్పట్లు కొట్టు. కొట్టి, "తిత్తికి తోలు ఊనిందెవరు?" అని అడుగు.

విద్యార్థి మిత్రులకి ఒక పని. సెలవులకి ఇళ్లకి వెళ్లినప్పుడు మీ పల్లెలో పెద్దవాళ్ల దగ్గర కూర్చోండి. తోలుపని, తాటిపని, కొలిమిపని మాటలు అడిగి రాసుకోండి. మాటతో పాటు 'ఎందుకలా చేసేవాళ్లు' అని కూడా అడగండి. నేను తీసేసిన ఆ పట్టికని మళ్లీ మొదలుపెట్టాను. అమ్మాయి నిన్ననే ఫోన్ చేసింది. వాళ్ల అమ్మమ్మ దగ్గర పదకొండు మాటలు రాసుకుందట. అందులో నాలుగు నేనెప్పుడూ వినలేదు.

జై భీమ్.